సిల్వరాడోకి ఆయిల్ కూలర్: బరువు లాగే బండికి లాభమే, ఆఫీసుకెళ్లే బండికి దండగ

డల్లాస్ నుంచి కొలరాడోకి ట్రైలర్ లాక్కెళ్లేవాళ్లలో చాలామందిది ఒకటే దారి. 287 హైవే పట్టుకుని అమరిల్లో, అక్కణ్ణుంచి డాల్‌హార్ట్ మీదుగా రాటన్ కనుమ. ఎత్తు 7,834 అడుగులు. ఎండాకాలం ఏసీ వేసుకుని, వెనక క్యాంపర్ తగిలించుకుని ఆ ఘాట్ ఎక్కుతుంటే మా 2008 షెవర్లే సిల్వరాడో పికప్, 5.3 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఆయిల్ వేడి 265 ఫారెన్‌హీట్ దాకా పోయేది. కూలంట్ ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు 210 దగ్గరే కూర్చునేది. ఈ బండి డ్యాష్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఉంది గానీ ఆయిల్ వేడి చూపించేది లేదు. అందుకే ముందు విడిగా గేజి పెట్టించి, ఆ అంకె కళ్లారా చూశాకే ఆయిల్ కూలర్, అంటే ఇంజిన్ ఆయిల్‌ని గాలికి చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటిది, కొన్నాను. గేజి లేకుండా కూలర్ కొనడమంటే జ్వరం చూడకుండా మందేసుకోవడమే.

పెట్టించింది ప్లేట్లు పేర్చినట్టుండే రకం. ఏసీ కండెన్సర్ ముందు, కాస్త ఖాళీ వదిలి, రబ్బరు బుష్‌లతో బ్రాకెట్లకు బిగించాం. కూలర్ ఫిన్‌ల (సన్న రేకుల) మధ్య నుంచి ప్లాస్టిక్ పుల్లలు దూర్చి కట్టేస్తారు కొందరు; అదురుకి అవే కూలర్‌ని కోసేస్తాయి, వద్దు. ఆయిల్ ఫిల్టరుకీ ఇంజిన్‌కీ మధ్య థర్మోస్టాట్ ఉన్న శాండ్‌విచ్ ప్లేటు వేశాం; ఆయిల్ కూలర్‌కి వెళ్లి వచ్చేది దీని గుండానే. దీనివల్ల ఫిల్టర్ ఆ మందం మేర కిందికి దిగుతుంది, గతుకుల దారుల్లో తిరిగేవాళ్లు అది చూసుకోవాలి. కొనేముందు మీ బండి ఫిల్టర్ మర కొలత కూడా సరిచూసుకోండి.

ఇప్పుడదే ఘాట్‌లో 230 దాటడం అరుదు. నాకు ఇంకా ఆనందం ఏమిటంటే, ఎక్కి దిగి పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు ప్రెషర్ ముల్లు పడిపోవడం తగ్గింది. ఆయిల్ వేడికి నీళ్లలా పలచబడితేనే అలా పడుతుంది. క్యాంపర్ లేకుండా ఆఫీసుకెళ్లే రోజుల్లో మాత్రం కూలర్ ఉన్నా లేనట్టే. అసలు అలాగే ఉండాలి కూడా. ఆయిల్ బాగా వేడెక్కితేనే అందులో చేరిన తేమ ఆవిరైపోతుంది, ఎప్పుడూ చల్లగా ఉంచడం ఇంజిన్‌కి మేలు కాదు. 2021 ఫిబ్రవరిలో డల్లాస్ మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడిపోయినప్పుడు థర్మోస్టాట్ విలువ తెలిసింది. అది 180 దాకా ఆయిల్‌ని దాదాపుగా కూలర్ వైపు వెళ్లనివ్వదు. అయినా కొంచెం కొంచెం పారుతూనే ఉంటుంది కాబట్టి ఆ వారం కూలర్‌కి అడ్డంగా ఓ అట్టముక్క కట్టాను. థర్మోస్టాట్ లేని ప్లేటు చవగ్గా వస్తుంది. చలి పడే ఊళ్లో ఉంటే దాని జోలికి పోవద్దు.

అసలు టెన్షన్ కూలర్‌కి ఆయిల్ తీసుకెళ్లి తెచ్చే హోస్‌లతోనే. ఒకసారి ఆయిల్ మార్చేటప్పుడు కింద దూరి చూస్తే, ఫ్రేమ్ అడ్డకమ్మీ దగ్గర ఒక హోస్ పైఅల్లిక అరిగి నూలుపోగులు లేచి ఉన్నాయి. వేలితో తడిమితే నల్లటి పొడి అంటుకుంది. ఆయిల్ చుక్క ఇంకా కారలేదు. కానీ అందులో ఉండేది పంపు ప్రెషర్ మీద పారే ఆయిల్. హైవేలో పగిలితే పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు, ఆ వెంటనే బేరింగులు పోతాయి. హోస్ మార్పించి, ఒరుసుకునే చోట పాత హీటర్ పైపు ముక్క చీల్చి తొడిగాను. కూలర్ ఉన్న బండికి ఆయిల్ మార్చిన ప్రతిసారీ హోస్‌లు మొత్తం పొడుగునా తడిమి చూడాల్సిందే. ఆ ఓపిక లేకపోతే కూలర్ లేకపోవడమే మంచిది.

ఊళ్లో లారీలు నడిపే మా బావకి ఈ సంగతి చెప్తే, "నా టాటా బండికీ పెట్టించమంటావా?" అని అడిగాడు. ఆయనది కమిన్స్ బీ సిరీస్ ఇంజిన్. "నీ బండికి పుట్టుకతోనే ఉంది బావా, ఫిల్టర్ దగ్గర బ్లాకులోనే, కూలంట్‌తో చల్లబడేది. బయట ఇంకోటెందుకు? రేడియేటర్ కడిగించు చాలు" అన్నాను.

పాత సామాన్ల యార్డులో కూలర్ తక్కువకి దొరుకుతుంది, నన్నూ ఊరించింది. కానీ అది ఇంజిన్ పోయిన బండిదైతే ఆ ప్లేట్ల మధ్య ఇనుప రజను ఇరుక్కుని ఉంటుంది. ఎంత కడిగినా పూర్తిగా వదలదు. కూలర్ మాత్రం కొత్తదే కొనండి.