మార్చ్ మ్యాడ్‌నెస్ బ్రాకెట్: ఫేవరెట్లా, అప్‌సెట్లా?

మార్చి వస్తే అమెరికాలో ఉన్న మనవాళ్ల ఆఫీసుల్లో కూడా ఇదే చర్చ: 68 జట్ల కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ మార్చ్ మ్యాడ్‌నెస్ బ్రాకెట్‌లో, అంటే ప్రతి మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే రాసే షీట్‌లో, పై సీడ్లనే (నాలుగు విభాగాల్లో ఒక్కోదానిలో 1 నుంచి 16 వరకు ర్యాంకులుంటాయి, 1 అన్నిటికన్నా బలమైన జట్టు) టిక్ చేసుకుంటూ పోవాలా, అప్‌సెట్లు చేసే చిన్న జట్లను నమ్మాలా?

శ్రమ: ఫేవరెట్లయితే పది నిమిషాల పని. అప్‌సెట్లకు ఎవరికి గాయమైంది, త్రీ పాయింటర్లు ఎవరు బాగా వేస్తున్నారు అని చూడాలి, ఒక సాయంత్రం పోతుంది.

రిస్క్: 2008లో, 2025లో నాలుగు నంబర్ వన్ సీడ్లూ ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి వచ్చాయి. 2023లో ఒక్కటీ రాలేదు, పైగా 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ 63-58తో పర్డ్యూని మొదటి రౌండ్‌లోనే ఇంటికి పంపింది. అలాగని 16వ సీడ్‌ని రాసుకోకండి, పురుషుల టోర్నీలో 2025 వరకు అలా జరిగింది రెండే సార్లు.

పాయింట్లు: అసలు కిటుకు ఇక్కడే ఉంది. చాలా పూల్స్‌లో (బ్రాకెట్లు నింపి పోటీపడే బృందాల్లో) మొదటి రౌండ్ మ్యాచ్ సరిగ్గా చెబితే 1 పాయింట్, రౌండ్ రౌండ్‌కీ రెట్టింపై ఛాంపియన్‌కి 32. అంటే 12వ సీడ్ 5వ సీడ్‌ని ఓడిస్తుందని రాసి తప్పినా పోయేది తక్కువే, పైగా అది దాదాపు మూడింట ఒకసారి జరిగేదే. ఛాంపియన్ తప్పితే మాత్రం కోలుకోవడం కష్టం. అందుకే నేను ప్రింట్ తీసిన షీట్‌లో పెన్సిల్‌తో ముందు ఛాంపియన్‌ని రాసి, అక్కడి నుంచి వెనక్కి నింపుతాను.

పది మంది పూల్ అయితే ఫేవరెట్లతోనే వెళ్లండి. వందల మంది ఉంటే అందరూ ఒకే ఛాంపియన్‌ని రాస్తారు కాబట్టి 2వ లేదా 3వ సీడ్‌కి కప్పు ఇచ్చి చూడండి.