రెఫరెండంలో ప్రశ్న ఎలా ఉండాలి: ఫాక్‌లాండ్స్ పద్ధతా, జిబ్రాల్టర్ పద్ధతా?

ఫాక్‌లాండ్స్ అంటే దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ పాలనలో ఉన్న దీవులు; అవి తనవేనని అర్జెంటీనా అంటుంది. వాటి మాట వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: అక్కడివాళ్లు దాదాపు అందరూ ఒకే వైపు ఓటేసినా తగవు ఎందుకు తీరలేదు? తీరకపోవడానికి వేరే కారణాలున్నాయి. కానీ ఓటుకు ఎంత బలం వచ్చిందన్నది మాత్రం బ్యాలెట్ మీద ప్రశ్న ఎలా రాశారన్న దాన్ని బట్టే ఉంటుంది.

2013 మార్చి 10, 11 తేదీల్లో ఫాక్‌లాండ్స్ వాళ్లను అడిగింది ఇది: బ్రిటన్ సముద్రాంతర భూభాగంగా ఇప్పుడున్న హోదా కొనసాగాలా? అవును 1,513, కాదు 3. పోలింగ్ దాదాపు 92 శాతం. నిర్వహణకు వంక పెట్టలేం. మారుమూల గొర్రెల ఫారాలకు సైతం సంచార పోలింగ్ బృందాలు వెళ్లాయి, విదేశీ పరిశీలకులూ ఉన్నారు. లోపమల్లా ‘కాదు’లో ఉంది. అది స్వాతంత్ర్యమా, అర్జెంటీనాలో కలవడమా? ‘కాదు’ గెలిస్తే వేరే మార్గాలపై మళ్లీ ఓటింగ్ పెడతామని బ్యాలెట్ మీదే రాయాల్సి వచ్చింది.

జిబ్రాల్టర్ దీవి కాదు, స్పెయిన్ దక్షిణ కొసను ఆనుకుని బ్రిటన్ పాలనలో ఉన్న భూభాగం. కానీ చిక్కు అదే: అది తనదేనని స్పెయిన్ అంటుంది. 1967 సెప్టెంబర్ 10న అక్కడ రెండు దారులు చూపారు: స్పెయిన్ 1966 మే 18న ఇచ్చిన ప్రతిపాదన ప్రకారం దాని పాలన కిందికి వెళ్లడం, లేదా బ్రిటన్‌తో బంధం నిలుపుకోవడం. స్పెయిన్‌కు 44, బ్రిటన్‌కు 12,138. ఇక్కడ ఆ 44 ఓట్ల అర్థం కూడా స్పష్టం. నాకు ఇదే మేలనిపిస్తుంది. పొరుగు దేశం కోరికను ఓటరు ముందుంచి, దానికే జవాబు తీసుకున్నారు.

ఈ పద్ధతికి పొరుగు దేశం నుంచి రాతపూర్వక ప్రతిపాదన ఉండాలి. లేకపోతే? 2002 నవంబర్ 7 నాటి జిబ్రాల్టర్ ప్రశ్న చూడండి: బ్రిటన్, స్పెయిన్ సార్వభౌమత్వాన్ని పంచుకోవాలన్న సూత్రం సమ్మతమేనా? అవును 187, కాదు 17,900. ఇదీ అవును-కాదు ప్రశ్నే, అయినా అస్పష్టత లేదు. ఎందుకంటే అడిగింది ఉన్న హోదా గురించి కాదు, కొత్త ప్రతిపాదన గురించి. అర్జెంటీనా కోరుతున్నది సార్వభౌమత్వంపై చర్చలు. 2013లో ‘ఆ చర్చలు జరగాలా?’ అని అడిగి ఉంటే జవాబు సూటిగా తగిలేది.

అలా అడిగినా ఐక్యరాజ్యసమితి ఒప్పుకునేదని కాదు. 1967 ఓటింగ్ తన తీర్మానానికి విరుద్ధమని జనరల్ అసెంబ్లీ అదే డిసెంబర్‌లో 2353వ తీర్మానంలో ప్రకటించింది. ఫాక్‌లాండ్స్‌పై 1965 నాటి 2065వ తీర్మానంలో ఉన్నది ద్వీపవాసుల ‘ప్రయోజనాలు’ అన్న మాటే, ‘అభీష్టం’ కాదు. అర్జెంటీనా ఆ మాటనే పట్టుకుంది: ఓటు చెప్పేది అభీష్టమే కాబట్టి అది తగవును తేల్చదని దాని వాదన.

హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న మయోట్ దీవి సంగతి వేరు: అక్కడ చిక్కు ప్రశ్నలో కాదు, లెక్కింపులో. 1974 డిసెంబర్ 22న కొమొరోస్ దీవులు ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యానికి ఓటేస్తే, వాటిలో ఒకటైన మయోట్‌లో మెజారిటీ వద్దంది. ఓట్లను మొత్తంగా లెక్కించాలా, దీవి దీవికీ విడిగానా అన్న తగవు నేటికీ తెగలేదు.