కిరండూల్ ప్యాసింజరు: ఖనిజం కోసం వేసిన లైను మీద మనుషుల బండి

విశాఖపట్నంలో రోజూ ఉదయం ఏడు లోపే బయలుదేరే కిరండూల్ ప్యాసింజరుకు జనం పెట్టుకున్న పేరు అరకు రైలు. అయితే ఈ బండి నడిచే కొత్తవలస–కిరండూల్ లైను, అదే కేకే లైను, ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండ ఇనుప ఖనిజం కోసం పుట్టింది. ఈ సంగతి తెలిసి ఎక్కితే బండి దారిలో ఎందుకు ఆగుతుందో, వానాకాలంలో ఎందుకు రద్దవుతుందో, అరకు దాటాక సౌకర్యాలు ఎందుకు పలచబడతాయో తేలిగ్గా అర్థమవుతుంది.

1960లో జపాన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం మనం ఏడాదికి 60 లక్షల టన్నుల ఖనిజం పంపాలి. అందులో 40 లక్షల టన్నులు బైలడిల్లా వాటా, మిగతాది జార్ఖండ్‌లోని కిరిబురు గనిది. దంతెవాడ అడవుల్లోని ఆ కొండకు అప్పటికి రైలు లేదు. తూర్పు కనుమలను తొలిచి సుమారు 446 కిలోమీటర్ల లైను వేశారు. 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. రైలు వచ్చాకే, 1968లో, 14వ నంబరు నిక్షేపంలో గని మొదలైంది. పెద్ద గనుల వ్యవహారంలో వరస సాధారణంగా ఇదే: దారి ముందు, తవ్వకం తర్వాత. టన్ను విలువ తక్కువ, బరువు ఎక్కువ ఉన్న సరుకును లారీల మీద నాలుగొందల కిలోమీటర్లు మోస్తే గిట్టదు.

తవ్వకం పెరిగే కొద్దీ ఇరుకు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతూ వచ్చింది. పెద్ద ఓడలు లోపలి హార్బర్‌లోకి రాలేవు కాబట్టి 1976లో విశాఖ ఔటర్ హార్బర్ తెరిచారు. డీజిల్ ఇంజన్లతో ఘాట్ లాగడం భారమై 1982 నాటికి లైనంతా కరెంటు తీగలు వేశారు. అదీ సరిపోక 1980ల చివర్లో స్వీడన్, జపాన్ దేశాల నుంచి మరింత శక్తి ఉన్న ఇంజన్లు తెప్పించి ఈ ఘాట్ మీద నడిపారు. ఆ తర్వాత కొంత ఖనిజాన్ని పొడి చేసి, నీళ్లలో కలిపి పంపేందుకు కిరండూల్ నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం వచ్చింది. బైలడిల్లా నుంచి జగదల్‌పూర్ దగ్గరి నగర్‌నార్ ఉక్కు కర్మాగారం దాకా మరో గొట్టపు మార్గం పని కూడా ఈ గనులు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ చేపట్టింది.

ప్యాసింజరు ఆలస్యానికి మూలం ఒక చిన్న లెక్కలో ఉంది. 58 వ్యాగన్ల రేకు, అంటే ఒక పూర్తి గూడ్సు బండి, సుమారు 3,800 టన్నులు మోస్తుంది. ఏడాదికి కోటి టన్నులు పంపాలంటే రోజుకు ఏడుకు పైగా రేకులు దిగాలి, అన్నే ఖాళీవి పైకి ఎక్కాలి. అంటే అదనంగా ప్రతి కోటి టన్నులకూ లైను మీద రోజుకు పద్నాలుగు బళ్లు పెరుగుతాయి. అన్నీ అరకు ఘాట్ దిగవు. కొంత సరుకు కోరాపుట్ నుంచి రాయగడ మీదుగా మళ్లుతుంది. అయినా ఒత్తిడి తగ్గదు, ఎందుకంటే సింగిల్ లైను ఉన్న చోట ప్రతి ఎదురు బండికీ రెండిట్లో ఒకటి స్టేషన్‌లోని పక్క పట్టా మీద, అంటే లూప్‌లో, ఆగాల్సిందే. పోనీ రేకునే పొడవు చేద్దామా అంటే, ఒక్కో వ్యాగన్ 10.7 మీటర్లు, 58 కలిస్తే 620 మీటర్ల పైచిలుకు. ఇంజన్లు, గార్డు పెట్టె కలిపితే 680కి దగ్గరవుతుంది. లూప్‌లైను ప్రామాణిక పొడవు 686 మీటర్లే. ఇక పొడిగించడానికి చోటు లేదు. మిగిలిన దారి రెండో లైను ఒక్కటే. కొత్తవలస–కోరాపుట్ మధ్య సుమారు 189 కిలోమీటర్లు, జగదల్‌పూర్–కిరండూల్ మధ్య సుమారు 150 కిలోమీటర్లు డబ్లింగ్ పెట్టుకున్నారు. మైదానంలో ఈ పని తేలిక. ఘాట్‌లో మళ్లీ సొరంగాలు తొలవాలి, అదీ పక్క లైను మీద బరువు బళ్లు తిరుగుతుండగానే. పెద్దగా పేల్చడానికి వీల్లేదు.

ఇక ప్రయాణం సంగతి. శృంగవరపుకోట, బొడ్డవర దాటేదాకా మామూలు మైదానం. శివలింగపురం నుంచి ఎక్కుడు మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ: ఈ ముక్కే ఈ సర్వీసుకు ప్రాణం. శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996.32 మీటర్లు. చాలా ఏళ్లు దేశంలో బ్రాడ్‌గేజి మీద అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ ఇదే. దేశంలో మొదటి విస్టాడోమ్ పెట్టెను 2017 ఏప్రిల్‌లో ఈ మార్గంలోనే తగిలించారు. అద్దాల పైకప్పు, పూర్తిగా తిరిగే 40 సీట్లు. డబ్బుకు తగ్గ సుఖం ఉంది. కాకపోతే సొరంగాల మధ్య వెలుగు ఒక్కసారిగా మారుతుంది కాబట్టి ఫొటోల మోజు ఉన్నవారు అద్దంలో పడే ప్రతిబింబానికి సిద్ధపడాలి. మామూలు పెట్టెలో కిటికీ దొరికితే గాలి, చలి, తడి మట్టి వాసన అదనంగా దక్కుతాయి. మా లెక్కలో అక్టోబరు, నవంబరు నెలల్లో మామూలు పెట్టె కిటికీయే మేలు.

టికెట్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. చలికాలం శని, ఆదివారాలకు ఆ మొదటి రోజుల్లోనే తీసుకోండి. రిజర్వేషన్ లేకపోతే బయలుదేరే వేళకు కనీసం ముప్పావు గంట ముందు ప్లాట్‌ఫాం మీద ఉండాలి. తిండి, నీళ్లు వెంట తెచ్చుకోవాలి. క్రాసింగ్ కోసం బండి ఆగినప్పుడు పట్టాల మీదకు దిగి తిరగడం ఇక్కడ అందరికీ అలవాటు, కానీ ప్రమాదం. ఎదురు బండి దాటగానే సిగ్నల్ పడుతుంది, కరెంటు ఇంజన్ పెద్దగా చప్పుడు చేయకుండా కదులుతుంది. తలుపు దగ్గర నిలబడి వొంగడం అంతకన్నా ప్రమాదం. సొరంగం గోడ చేతికి అందేంత దగ్గరగా వస్తుంది.

అరకులో దిగి, అదే రోజు ఇదే బండి జతతో వెనక్కి రావాలనుకోవద్దు. కిరండూల్ నుంచి వచ్చే బండి అప్పటికి మూడొందల కిలోమీటర్లకు పైగా నడిచి, దారిలో సింగిల్ లైను క్రాసింగులు దాటి రావాలి. ఒక్కో క్రాసింగ్ దగ్గర పది నిమిషాలు పోయినా అరకు చేరేసరికి గంటల ఆలస్యమవుతుంది. పైకి రైలు, కిందికి ఘాట్ రోడ్డు మీద బస్సు. రోడ్డు సుమారు 115 కిలోమీటర్లు.

అరకు వరకు ఈ సర్వీసుకు ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. అక్కడి నుంచి కిరండూల్ వరకు రెండున్నర. చూడ్డానికి ఆ భాగం ఏమీ తీసిపోదు. ఒడిశాలోని కోరాపుట్, జైపూర్ మధ్య దిగుడు అరకు ఘాట్‌కు సాటి వస్తుంది. లోటు అంతా వాడుక దగ్గరే. కోరాపుట్, బస్తర్ ప్రాంతాల వాళ్లు పెద్దాసుపత్రి పనికి, కూలికి, చదువుకు విశాఖ రావాలంటే వాళ్లకు ఉన్న రైళ్లు బహు తక్కువ. పగటి ప్యాసింజరు దాదాపు రోజంతా తీసుకుంటుంది, రోగిని తీసుకొచ్చేవారికి రాత్రి ఎక్స్‌ప్రెస్సే నయం. అసలు ఈ లైను గని నుంచి రేవుకు గీసిన గీత, ఊరి నుంచి సంతకు గీసింది కాదు. ఇన్ని దశాబ్దాలు ఖనిజం పోయిన బస్తర్ వాళ్లకు సొంత రాజధాని రాయ్‌పూర్ వెళ్లాలంటే రైలు ఒడిశా మీదుగా చుట్టు తిరిగి పోతుంది. దల్లీ రాజ్‌హరా నుంచి జగదల్‌పూర్‌కు తలపెట్టిన నేరు లైను కూడా ముందు 95 కిలోమీటర్లు రావ్‌ఘాట్ ఖనిజం దాకానే. ఆ పైన జగదల్‌పూర్ వరకు ఉన్న 140 కిలోమీటర్లు రెండో దశ. ఇక్కడ మనుషుల వంతు ఎప్పుడూ రెండోదే కావడం బాధాకరం. డబ్లింగ్ పూర్తయ్యాక మిగిలే ఖాళీలో కొంతైనా, పగలు ఇంకో జత బండిగా, వీళ్లకు దక్కాలి. ఆ మాట పని సాగుతున్నప్పుడే రాతలోకి ఎక్కాలి, ఎందుకంటే ఎన్‌ఎండీసీ 2030 నాటికి మొత్తం ఏడాదికి 10 కోట్ల టన్నుల సామర్థ్యం లక్ష్యంగా పెట్టుకుంది. ఆ సరుకు వచ్చాక లైనులో ఖాళీ మిగలదు.

వానల్లో కొండచరియలు ఈ లైనుకు పాత జబ్బు. పట్టాల కోసం కొండను నిలువుగా కోసిన చోట నీరు రాతి పగుళ్లలోకి దిగి, మట్టి నానితే మొత్తం జారుతుంది. 2023 సెప్టెంబరులో మనబార్–జరటి మధ్య చరియలు పడి వారాల తరబడి లైను మూసుకుంది. పక్కన ఇంకో దారి లేనందున గూడ్సు, ప్యాసింజరు ఒకేసారి ఆగుతాయి. జులై నుంచి అక్టోబరు వరకు ప్రయాణం పెట్టుకుంటే ముందు రోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి బండి ఎంతవరకు నడుస్తోందో చూడండి. అరకులో ఆపారా, కోరాపుట్‌లోనా, జగదల్‌పూర్‌లోనా అన్నది అడగాలి. భద్రతా కారణాలతో దంతెవాడ దగ్గరే ఆపేసే రోజులూ ఉంటాయి. అలాంటప్పుడు బచేలీ, కిరండూల్ వెళ్లేవాళ్లు అక్కడి నుంచి రోడ్డు మీద చేరాలి. చీకటి పడకముందే చేరేలా లెక్క వేసుకుని టికెట్ తీసుకోండి.