కరీబాలో లేక్ వ్యూ గదికి డబ్బు తగలేయకండి

జింబాబ్వేలో హరారే నుంచి కరీబా సరస్సు దాకా రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. డ్యామ్ చూశాం, ఫొటోలు దిగాం. ఒళ్లు మండింది లాడ్జిలో.

మామూలు గది 70 డాలర్లు, లేక్ వ్యూ అయితే 95. మా ఆవిడ ముచ్చటపడిందని 95 కట్టాను. కిటికీ తెరిస్తే నీటిచుక్క కనబడదు, కనుచూపు మేరా గుర్రపుడెక్కే! రిసెప్షన్‌లో అడిగితే, "ప్రకృతి సార్, మేమేం చేస్తాం?" అన్నాడు. ప్రకృతి కాదు, పాడూ కాదు. ఇది దక్షిణ అమెరికా మొక్క, మనుషులు తెచ్చి పడేసింది. మురుగు కలిసే చోట దీనికి పండగే. మన మురుగుతో పెరిగిన తోటను మనకే చూపించి 25 డాలర్లు అదనంగా గుంజుతున్నారన్నమాట. మర్నాడు మా ఆవిడ పోట్లాడి గది మార్పించింది. తేడా మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

పడవకి మనిషికి 20 డాలర్లు. మొసలి కనబడలేదని మా బావమరిది ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. నాకైతే పడవ నడిపే పెద్దాయన కబుర్లకే డబ్బు కిట్టుబాటైంది. 1958 చివర్లో ఇక్కడ జాంబెజీ నదికి అడ్డుకట్ట పడ్డాక అడవులు మునిగి కుళ్లాయి. నీళ్లకు ఎరువు వేసినట్టే కదా! సాల్వీనియా అనే తేలే ఫెర్న్ విజృంభించి, 1962 నాటికి దాదాపు 1000 చదరపు కిలోమీటర్లు కప్పేసిందట. ఆ ఎరువు తగ్గుతూ వచ్చాక, అలల దెబ్బ కొంత, దాన్ని తినడానికి తెచ్చి వదిలిన మిడతలు కొంత, మొత్తానికి దాని జోరు తగ్గింది. ఇప్పుడు గుర్రపుడెక్క వంతు.

ఒడ్డు కథ వేరు. కరెంటు కోసం నీళ్లు వదిలేకొద్దీ మట్టం దిగి, బయటపడ్డ నేల మీద ఒక రకం గడ్డి పరుచుకుంటుంది. నీటి గుర్రాలు, అడవి దున్నలు దాన్నే మేస్తాయి. ఒకప్పటి నది ఒడ్డు చెట్లు ఎప్పుడో పోయాయి. మునిగిన అడవిలో ఎండు మోళ్లు మాత్రం అక్కడక్కడా ఇంకా నిలబడే ఉన్నాయి. ఇవన్నీ చూడాలంటే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేరు.

కపెంటా అనే చిన్న చేపల వేపుడు, సద్జా (మొక్కజొన్న పిండి ముద్ద) 6 డాలర్లు. బాగుంది, ఉప్పే ఎక్కువ.

గది బుక్ చేసే ముందు ఆ కిటికీలోంచి అదే రోజు తీసిన ఫొటో పంపమనండి. పంపకపోతే 70 డాలర్ల గదే తీసుకోండి. దోమలు ఎలాగూ రెండింట్లోనూ ఒకటే.