నేల మీద ఆడిన తప్పెటగుళ్ళు, వేదిక మీద ఆగిన ఒగ్గుకథ

ఒక నివాసుల సంఘం ఇటీవల ఏర్పాటు చేసిన జానపద కళల ప్రదర్శనను మొదటి నుండి చివరి వరకు చూశాను. తప్పెటగుళ్ళు, డప్పు, ధింసా, ఒగ్గుకథ అనే నాలుగింటిని మాత్రమే ఎంచుకున్నందుకు నిర్వాహకులను అభినందించాలి. పదిహేను బృందాలను పిలిచి, ఒక్కొక్కదానికి ఏడెనిమిది నిమిషాలు ఇచ్చి పంపించివేసే కార్యక్రమాలు చూసి చూసి విసిగిన నాకు ఆ పట్టిక చదవగానే ఆశ కలిగింది.

తప్పెటగుళ్ళను వేదిక ఎక్కించకుండా మైదానం మధ్యలో ఆడించి, ప్రేక్షకులను చుట్టూ నేల మీద కూర్చోబెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల యాదవులు తరతరాలుగా నిలుపుకుంటూ వస్తున్న ఈ కళలో, రొమ్ముకు కట్టుకున్న గుండ్రని రేకు తప్పెటను రెండు చేతులతో వాయిస్తూ, పాడుతూ, గజ్జెల కాళ్ళతో అడుగులు వేస్తూ కళాకారులు వలయంగా తిరుగుతారు. వాయించేవారు, పాడేవారు, ఆడేవారు ఒక్కరే కావడం వల్ల ఊపిరి తీసుకునే చోటు కూడా తాళంలో కలిసిపోతుంది. మైకులో ఈ ధ్వని అంతా ఒకే ముద్దగా వినిపిస్తుంది. పది అడుగుల దూరంలో కూర్చుంటే మాత్రం గజ్జెల సవ్వడి వేరుగా, అరచేతి దెబ్బ వేరుగా, వేళ్ళ దెబ్బ వేరుగా తెలుస్తాయి. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి గోపురం కట్టి, ఆ ఎత్తులోనూ వాయిద్యం ఆపనప్పుడు నా పక్కనున్న పెద్దావిడ తనకు తెలియకుండానే చేతులు జోడించారు.

డప్పు కళాకారులు మంట వేసుకుని డప్పులు కాచుకోవడానికి మైదానం అంచున చోటు విడిచిపెట్టారు. కాస్త వేడి తగిలి చర్మం బిగిస్తేనే డప్పు పలుకుతుందని ఎరిగినవారే ఇటువంటి ఏర్పాటు చేయగలరు. మంట చుట్టూ మూగిన పిల్లలకు ఒక కళాకారుడు డప్పు వాయించే రెండు పుల్లలలో పొట్టి సిర్ర ఏం పలికిస్తుందో, సన్నని చిటికెన పుల్ల ఏం పలికిస్తుందో విడివిడిగా వాయించి చూపించారు. అసలు ప్రదర్శన కన్నా ఆ పావుగంటే నాకు ఎక్కువ నచ్చింది.

అరకు ప్రాంతపు గిరిజన నృత్యం ధింసా చక్కగానే సాగింది. అయితే దానిని వేదిక మీద ఆడించడం వల్ల, చేతులు పెనవేసుకున్న ఆ మహిళల పాదాలు ముందు వరుసల వారికి కనిపించలేదు. ధింసాలో చూడవలసినవి ఆ పాదాలే.

నా అభ్యంతరమంతా ఒగ్గుకథ విషయంలోనే. ఒగ్గు అంటే శివుని డమరుకం. కురుమ, యాదవ కథకులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను రాత్రి పొద్దుపోయే వరకు చెప్పడం తెలంగాణ పల్లెలలో ఆనవాయితీ. ఇక్కడ నలభై నిమిషాలే ఇచ్చారు. అందుకు కథకుడు ఒప్పుకుని కథను కుదించుకున్నారు కూడా. కానీ మల్లన్న మేడలమ్మను పెళ్ళాడే ఘట్టం మొదలై, డోళ్ళు జోరందుకున్న సమయంలో ఒక అతిథికి సన్మానం చేయాలని ప్రదర్శనను ఆపించారు. శాలువాలు, ఫొటోలు ముగిసేసరికి పన్నెండు నిమిషాలు గడిచాయి. కథకుడు మళ్ళీ అందుకున్నారు గాని, వంతపాట పాడేవారి గొంతులో మునుపటి ఊపు రాలేదు, సభ కూడా సగం లేచిపోయింది.

అతిథుల పేర్లను మూడేసి సార్లు చదివిన వ్యాఖ్యాత కళాకారుల పేర్లలో ఒక్కటి కూడా చెప్పలేదు. గుస్సాడి నర్తకుడు కనకరాజు గారికి 2021లో, పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యం వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించిన తరువాత కూడా, జానపద కళాకారులను పేరు లేని బృందంగానే పరిచయం చేయడం నన్ను చాలా బాధించింది.

ఇన్ని చెప్పినా, వచ్చే ఏడాది జరిగితే తప్పక వెళ్ళమనే చెబుతాను. డప్పులు కాచే వేళకు ముందే చేరుకుని, కుర్చీలు వదిలి తప్పెటగుళ్ళ వలయానికి దగ్గరగా నేల మీద కూర్చోండి. నిర్వాహకులు సన్మానాలను ఆరంభంలోనే ముగించి, ఒగ్గుకథను ఆఖరున పెట్టి, కథకుడు ముగించేదాకా సాగనిస్తే, ఆ రాత్రి ఎంతసేపైనా కూర్చుని వినడానికి నేను సిద్ధం.