మ్యాచింగ్ గ్రాంటు: చాన్నాళ్లు వాడాక తేలిన మంచీ చెడూ

కాలనీ సంఘాలకు నగరపాలక సంస్థలు చేసే సాయాల్లో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది మ్యాచింగ్ గ్రాంటే. సంఘం తన వాటాగా ఎంత చూపిస్తే నగరం అంత ఇస్తుంది. ఆ వాటా డబ్బే కానక్కర్లేదు, శ్రమదానం కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలోని సియాటిల్ 1988లో మొదలుపెట్టిన నిధితో ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది. నిబంధనలు ఊరికో రకంగా ఉన్నా పని ఆగిపోయే చోట్లు మాత్రం దాదాపు అవే. అన్నీ కలిపి చూస్తే అయిదుకు మూడున్నర మార్కులు వేయొచ్చు.

సంఘం వాటాను నగదుగా చూపించొచ్చు, విరాళంగా వచ్చిన సామానుగా చూపించొచ్చు, ఆర్కిటెక్టో ఎలక్ట్రీషియనో ఉచితంగా చేసిన పనిగా చూపించొచ్చు, లేదా మామూలు శ్రమగా చూపించొచ్చు. మామూలు శ్రమకు గంటకింత అని నగరమే రేటు కడుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆర్కిటెక్టు నక్షా గీస్తే వృత్తి రేటు వర్తిస్తుంది. అదే మనిషి పార పట్టి మట్టి తవ్వితే మామూలు రేటే.

గంటల అంచనా దగ్గర ఆశకు పోకూడదు. పన్నెండు మంది, అయిదు శనివారాలు, రోజుకు నాలుగు గంటలు అనుకుంటే కాగితం మీద 240 గంటలు. మొదటి రెండు వారాలు అందరూ వస్తారు. మూడో వారానికి ఏడుగురు మిగులుతారు, నాలుగో వారం వాన పడుతుంది, అయిదో వారం మళ్ళీ ఆ ఏడుగురే. లెక్క 152 దగ్గర ఆగిపోతుంది. వాటా తగ్గితే నగరం ఇచ్చేదీ ఆ మేరకు తగ్గుతుంది. కావలసిన దానికి ఒకటిన్నర రెట్లు మనుషుల్ని ముందే మాట్లాడి పెట్టుకుంటే గాని గట్టెక్కరు.

ఆ గంటలకు రుజువు హాజరు పట్టీ. పేరు, తేదీ, వచ్చిన టైము, వెళ్ళిన టైము, చేసిన పని, సంతకం, ఈ ఆరు గళ్ళలో ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ వరుస పోయినట్టే. ‘చేసిన పని’ కింద అందరికీ ‘సాయం’ అని రాస్తే తనిఖీలో కొట్టేస్తారు, ‘మొక్కలకు గుంతలు తీయడం’ అని రాయాలి. సాయంత్రం ఒకరే కూర్చుని అందరి పేర్లూ ఒకే చేతిరాతతో నింపితే చూసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. పట్టీని ఒక అట్టకు తగిలించి పనిముట్లు ఇచ్చే చోటే పెట్టండి. పార తీసుకునేటప్పుడు ఒక టైము, తిరిగిచ్చేటప్పుడు ఒక టైము పడతాయి. ఇంకో సంగతి, ఒప్పందం మీద సంతకాలు పడకముందు చేసిన పని చాలాచోట్ల చెల్లదు. ఉత్సాహంగా ముందే స్థలం శుభ్రం చేసేసిన సంఘాలు ఆ గంటలన్నీ పోగొట్టుకుంటాయి.

మార్కులు బాగా తగ్గించాల్సి వచ్చేది డబ్బు చేతికందే తీరుకు. మంజూరైందంటే ఖాతాలో పడిందని కాదు. చాలా పథకాల్లో ముందు సంఘమే ఖర్చుపెట్టి, బిల్లులు పెట్టి, తర్వాత వాపసు తీసుకోవాలి. బిల్లు ఒక్కటే చాలదు, చెల్లించినట్టు రసీదో బ్యాంకు స్టేట్‌మెంటో జతచేయాలి. బిల్లు సంఘం పేరున కాక ఒక సభ్యుడి పేరున ఉన్నా, దాని తేదీ ఒప్పందం గడువుకు బయట పడినా వెనక్కి వస్తుంది. చేతిలో నిల్వ లేని చిన్న సంఘాలు, అంటే ఈ సాయం నిజంగా కావలసినవాళ్ళే, ఇక్కడ చతికిలపడతాయి. కొంత అడ్వాన్సు ఇస్తారా, పెద్ద బిల్లులు నేరుగా దుకాణానికే చెల్లిస్తారా అని దరఖాస్తు పెట్టేముందే అడగండి. ఒప్పందం అయ్యాక అడిగితే సవరణ ఫైలు మళ్ళీ మొదటి బల్ల నుంచి బయల్దేరుతుంది. రిజిస్ట్రేషన్ లేని సంఘమైతే మరో రిజిస్టర్డ్ సంస్థ ఖాతా ద్వారా డబ్బు తీసుకోవాలి. అందుకు వాళ్ళు పట్టుకునే రుసుం బడ్జెట్‌లో మొదటే వేసుకోవాలి.

స్థలం గొడవ వేరు. గ్రాంటు ఇచ్చేది ఒక విభాగం, స్థలం ఇంకో విభాగానిది. నిధుల వాళ్ళు సరేనన్నంత మాత్రాన పార్కుల వాళ్ళో రోడ్ల వాళ్ళో సరేనన్నట్టు కాదు. ఫుట్‌పాత్ మీద బెంచీ వేస్తే చక్రాల కుర్చీ పోయేంత దారి మిగలాలి. మూలమలుపులో పొద నాటితే డ్రైవర్లకు చూపు ఆనదని కొట్టేస్తారు. చిన్న బోర్డు పాతాలన్నా, అడుగున నీటి పైపులూ కరెంటు కేబుళ్ళూ ఎక్కడున్నాయో గుర్తు పెట్టించుకున్నాకే గుంత తీయాలి. స్థలం ఎవరిదో వాళ్ళ నుంచి అభ్యంతరం లేదని లేఖ తెచ్చుకున్నాకే దరఖాస్తు పెడితే నెలలు కలిసొస్తాయి. ఒకరోజు వీధి కార్యక్రమమైతే బీమా ఖర్చే పెద్ద పద్దు కావచ్చు, అదీ ముందే కనుక్కోండి.

మెచ్చుకోవలసింది సమన్వయ అధికారి ఏర్పాటు, అంటే సంఘానికీ నగర విభాగాలకీ మధ్య నిలిచే మనిషి. మంచి అధికారి దొరికితే ఏ ఫైలు ఎవరి దగ్గరుందో, ఎవరిని ఏమడగాలో ఒక్క ఫోనుతో తేలుతుంది. డబ్బు కన్నా ఇదే విలువైన సాయమని నా లెక్క. కాకపోతే ఆయన బదిలీ అయిన రోజున నోటి మాటలన్నీ ఆయనతోనే వెళ్ళిపోతాయి. మాట్లాడిన ప్రతిసారీ అదే రోజు, ‘మీరు ఇలా చెప్పారు, మేం ఇలా చేస్తున్నాం’ అని నాలుగు వాక్యాల మెయిల్ పంపి ఉంచండి.

సంఘానికి నగరం గుర్తింపు ఇస్తే దాంతో పాటు కట్టుబాట్లూ వస్తాయి. లాస్ ఏంజెలెస్ 1999 చార్టర్‌తో, అంటే నగర పాలన మూల నియమావళితో, ఏర్పడిన పేటమండళ్ళలో (నైబర్‌హుడ్ కౌన్సిళ్ళలో) ఆ పేటలో నివసించేవాళ్ళకే కాదు, పనిచేసేవాళ్ళకూ ఆస్తి ఉన్నవాళ్ళకూ ఓటుంది. ఆ మండళ్ళు మామూలు సమావేశం ఎజెండాను 72 గంటల ముందే బయటపెట్టాలి. అత్యవసర మినహాయింపులు కొన్ని ఉన్నా, అందులో లేని విషయం మీద సాధారణంగా నిర్ణయం చేయడానికి వీల్లేదు. చిరాకు తెప్పించే రూలే గానీ, సొంతిళ్ళవాళ్ళు నలుగురు కూర్చుని అద్దెకున్నవాళ్ళ మాట లేకుండా తేల్చేసే అలవాటుకు కళ్ళెం వేసేది అదే.

ఇక నిర్వహణ. గ్రాంటు కట్టడానికి ఇస్తారు, చూసుకోవడానికి ఇవ్వరు. మొక్కలు నాటిన రోజు ఫొటోలకు అందరూ వస్తారు, మొదటి రెండు వేసవులూ నీళ్ళు మోసేవాళ్ళు ఉండరు. ఒప్పందంలో ‘నిర్వహణ బాధ్యత సంఘానిదే’ అని గడువు లేకుండా ఒక్క వాక్యం ఉంటుంది, అలాగే సంతకం పెట్టొద్దు. ఎన్నేళ్ళు, ఏయే పనులు, నీటి బిల్లు ఎవరిది, బెంచీ విరిగితే ఎవరు బాగుచేయాలి, సంఘం మూతపడితే ఏ విభాగానికి అప్పగించాలి, ఇవన్నీ రాయించాక సంతకం చేయండి.