దంతెల మీద బాత్రూమ్: కాంక్రీటు మేలా, పలకలు మేలా?

చిత్తూరులో మా పాత ఇంటి పైగదికి శ్లాబు లేదు. టేకు దంతెలు (నేలను మోసే చెక్క దూలాలు), వాటి మీద పలకలు, అంతే. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రాత్రిపూట మెట్లు దిగి పెరట్లోకి వెళ్లలేకపోతోంది. అందుకని పైనే ఒక మూల 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున బాత్రూమ్ కట్టాలనుకున్నాం. గడప ఉండకూడదు, నీళ్లు ఒక పక్కకు జారిపోవాలి.

మొదట వచ్చిన మేస్త్రి పలకల మీదే ప్లాస్టిక్ షీటు పరిచి, 4 అంగుళాల కాంక్రీటు పోసి టైల్స్ వేద్దామన్నాడు. "ఏం కాదమ్మా, కింద షీటు ఉంటుంది గదా" అన్నాడు. అందరికీ తెలిసిన పని, ఖర్చూ తక్కువ. కానీ 40 చదరపు అడుగులకు 4 అంగుళాల కాంక్రీటంటే 800 కిలోలు దాటుతుంది. ఆ పైన టైల్స్, నీళ్ల డ్రమ్ము, మనుషులు. బరువు ఒక్కటే అయితే దంతెలు పెంచి సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరే. మనం నడిచినప్పుడల్లా చెక్క కొంచెం వంగుతుంది, కాంక్రీటు వంగదు, చీలుతుంది. ఆ చీలికలోంచి దిగిన నీళ్లు షీటు మీద నిలిచి, మేకు పడిన చోట చెక్కలోకి ఇంకుతాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే పుచ్చడం మొదలవుతుంది. పైన టైల్స్ మెరుస్తూనే ఉంటాయి కాబట్టి మనకు తెలిసేసరికి దంతె పోయి ఉంటుంది.

రెండో దారి తేలికపాటి నేల. పాత పలకలు తీసేసి, దంతెల మధ్య అడ్డచెక్కలు బిగించి, నేల ఊగకుండా చేస్తారు. వాలు ఇక్కడే రావాలి, టైల్స్ కింద సిమెంటుతో సర్దుకోవడం కాదు. అడుగుకు పావు అంగుళం చొప్పున 8 అడుగులకు 2 అంగుళాలు. గడప రాకుండా మేం రీపర్లు (సన్నని చెక్క బద్దలు) ఏటవాలుగా కొట్టించి, 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌ను వాటి మీద పరిచాం. దాని మీద సిమెంటు బోర్డు, ఆపైన వాటర్‌ఫ్రూఫింగ్ రెండు కోట్లు. మూలల్లో జాలీ గుడ్డ అతికించి, గోడకు కూడా పూయించాం, షవర్ దగ్గర 6 అడుగుల ఎత్తు వరకు. ప్లైవుడ్, బోర్డు కలిపినా బరువు 100 కిలోల చుట్టూనే. టైల్స్‌కు మామూలు సిమెంటు వద్దు, కొంచెం సాగే అడ్హెసివ్ కావాలి.

నీళ్లు పోయే చోటు గది మధ్యలో పెడితే నాలుగు వైపుల నుంచీ వాలు తియ్యాలి, టైల్స్ ముక్కలు ముక్కలుగా కొయ్యాలి. చివరి గోడ పొడవునా సన్నని జాలీ పెడితే ఒకే వాలు సరిపోతుంది. పైపు దంతెల వెంబడే పోవాలి. అడ్డంగా పోవాల్సి వస్తుందని దంతె కింది అంచును ఎవరైనా కొయ్యబోతే పని ఆపించండి, బరువు పడినప్పుడు లాగుడు ఎక్కువగా ఉండేది అక్కడే. ట్రాప్ (నీళ్లు నిలిచి వాసన పైకి రాకుండా ఆపే పైపు వంపు) కింద సీలింగులో తెరిచి చూసుకునే చిన్న తలుపు కూడా పెట్టించండి.

మూడోది, వెనకపక్క సొంత స్తంభాల మీద శ్లాబు వేసి బాత్రూమ్‌ను ఇంటి బయటికి తెచ్చుకోవడం. పెరడు ఉండి, దంతెలు పాడైతే ఇదే మంచిది. ముందు గోడలోకి దిగిన దంతె కొనలను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మాకు ఒక్కచోట అర అంగుళం దిగింది, అక్కడ పక్కనే కొత్త దంతె జత చేశాం. నాలుగైదు చోట్ల దిగి ఉంటే రెండో దారి గురించి ఆలోచించేవాణ్ణే కాదు.

మా ఇంటికి రెండోదే కుదిరింది. ఖర్చు ఎక్కువే, ఈ పని తెలిసిన చేయి వెతుక్కోవాలి కూడా. టైల్స్ వేయకముందు జాలీ మూసేసి నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాం. కింద గదిలో నేలంతా పేపర్లు పరిచాం. 24 గంటల తర్వాత నీళ్లు గీతకు వెంట్రుకవాసి కింద ఉన్నాయి. పేపర్ల మీద ఒక్క చుక్క కూడా లేదు. టైల్స్ మేస్త్రిని రమ్మని అప్పుడే ఫోన్ చేశాను.